సొర అంటే సొరేనా? నవల పాఠంలో ఒక కుర్రాడు రాసిన జవాబు

గార_మాస్టారు
డిగ్రీ పిల్లలకి ఇంగ్లీషు చెప్తాను. కాలేజీ పేరొద్దు గానీ, గాలి తిరిగితే క్లాసులోకి ఎండుచేపల వాసన వచ్చేంత దగ్గర్లో సముద్రం. ఈ సెమిస్టర్లో హెమింగ్వే నవల 'ది ఓల్డ్ మేన్ అండ్ ది సీ' ఉంది. చదవనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో కథ చెప్తాను. క్యూబాలో శాంటియాగో అని ఒక ముసలి జాలరి. 84 రోజులుగా ఒక్క చేపా పడలేదు. 85వ రోజు ఒంటరిగా చాలా దూరం పోతాడు. తన పడవ కంటే రెండడుగులు పొడవున్న మార్లిన్ అనే పెద్ద చేప గేలానికి పడుతుంది. రెండు రాత్రులు దాంతో పెనుగులాడి, మూడో రోజు చంపి, పడవ పక్కన కట్టుకుని తెస్తుంటే దారి పొడుగునా సొరలు, అంటే షార్కులు, తినేస్తాయి. ఒడ్డుకి చేరేసరికి తల, తోక, మధ్యలో ముల్లు.

ఇంటర్నల్ పరీక్షలో 'నవలలోని ప్రతీకలను చర్చించండి' అని 10 మార్కుల ప్రశ్న వచ్చింది. గైడు జవాబు అందరికీ నోటికొచ్చు. సముద్రం జీవితం, మార్లిన్ ఆశయం, సొరలు విధ్వంస శక్తులు, ముసలాయన కలలో వచ్చే సింహాలు యవ్వనం. పేపర్లన్నిట్లో అవే నాలుగు ముక్కలు, అదే వరసలో. ఒక్క కుర్రాడు మాత్రం సగం పేజీ రాసి ఆపేశాడు. వాళ్ళ తాత, నాన్న ఇద్దరూ చేపల వేటకెళ్ళేవాళ్ళే. వాడు రాసింది తెలుగులో ఇదీ: 'సొరలు సొరలే. రక్తం వాసనకి వస్తాయి. మా తాత చేపని కూడా ఒకసారి తినేశాయి. మా ఇంట్లో దాన్ని ప్రతీక అనలేదు. అప్పు అన్నారు.'

పేపర్లు దిద్దిన సహోద్యోగి 2 మార్కులు వేశారు. ఆయన్ని తప్పు పట్టడానికి రాయట్లేదు, ఆయన దగ్గరున్న నమూనా జవాబు ప్రకారం వేశారు. కానీ ఆ చివరి మాట నన్ను మూడు రోజులుగా వదలట్లేదు. సముద్రం తెలిసిన పిల్లలకి ఈ నవల ఎలా చెప్పాలి? కథ, ప్రతీకలు, మూడ్ (చదువుతుంటే మనసుని పట్టే వాతావరణం), ఈ మూడూ ఎలా అందించాలి? నేను ఇన్నాళ్ళూ చెప్పింది పాఠమేనా?

రాజాం_రమణి
అప్పు అన్నారు. ఈ రెండు ముక్కలకే 10కి 10 వెయ్యాలి మాస్టారూ.

ఇజీనారం_కోట
నేను ఏటా వాల్యుయేషన్ క్యాంపుకి వెళ్తాను. కుర్రాడు నిజం రాశాడు, కాదనను. కానీ అడిగింది ప్రతీకల గురించి. ప్రతీకలు లేవు అన్నా సరే, ఎందుకు లేవో నవల లోంచి చూపించాలి కదా. తాత సంగతి రాసి ఆపేస్తే అది జవాబులో మొదటి సగమే. రేపు యూనివర్సిటీ పేపరు దిద్దేవాడికి వీడి తాత ఎవరో తెలీదు. పిల్లాడి మీద ప్రేమ ఉంటే రెండో సగం రాయడం నేర్పండి.

సిక్కోలు_చిన్నది
మాకూ అదే నవల. మా మేడం మొదటి రోజే బోర్డు మీద పట్టిక గీసేశారు, ఎడంవైపు వస్తువు, కుడివైపు అర్థం. పుస్తకం తెరవకుండానే పరీక్ష రాసి పాసయ్యాను. తర్వాత సెలవుల్లో చదివితే ఏడుపొచ్చింది. పట్టికలో ఏడుపు ఎక్కడా లేదు.

బొబ్బిలి_వీణ
ముప్ఫై ఏళ్ళు ఇదే పని చేసి రిటైరయ్యాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఆ కుర్రాడి మాటే హెమింగ్వే కూడా అన్నాడు. నవల 1952 సెప్టెంబరు మొదట్లో లైఫ్ పత్రికలో వచ్చింది. అదే నెల బెరెన్సన్ అనే కళావిమర్శకుడికి ఉత్తరం రాస్తూ, ఇందులో ప్రతీకలేం లేవు, సముద్రం సముద్రమే, ముసలివాడు ముసలివాడే, కుర్రాడు కుర్రాడే, చేప చేపే, సొరలు సొరలే, వాటిలో మంచివీ లేవు చెడ్డవీ లేవు అన్నాడు. ప్రతీకల గురించి జనం అనేదాన్ని ఒక బూతుమాటతో కొట్టిపారేశాడు. మీవాడికి ఈ ఉత్తరం చూపించండి మాస్టారూ. ప్రపంచం మెచ్చిన రచయిత తన పక్షాన ఉన్నాడని తెలిస్తే వాడు క్లాసులో కూచునే తీరు మారుతుంది.

అయితే ఆ ఉత్తరం అక్కడితో అయిపోలేదు. తర్వాతి వాక్యం చాలామంది వదిలేస్తారు. దానికి అవతల ఉన్నది, నీకు సంగతి తెలిసినప్పుడు నీకు కనపడేదే అంటాడు. సంగతి తెలిసినప్పుడు! పట్టిక గీసేవాళ్ళు ఈ మెట్టు ఎక్కకుండా నేరుగా అవతలకి దూకుతారు. మీవాడు మెట్టు మీద నిలబడి ఉన్నాడు. అక్కణ్ణించి ఏం కనపడుతోందో వాణ్ణి అడగాలి.

ఇజీనారం_కోట
వీణ మేడం చెప్పిన రెండో వాక్యమే నేననేది కూడా.

నాగావళి_గట్టు
అసలు నాకో సందేహం. క్యూబా ముసలాయన కథ మనకెందుకు? మన గురజాడ కన్యాశుల్కం 1892లో విజయనగరంలోనే మొదట ఆడారు. అది నాటకం, నవలే కావాలంటే రావిశాస్త్రి 'అల్పజీవి' ఉంది. ఆయన పుట్టింది శ్రీకాకుళంలో. అందులో సుబ్బయ్య భయాన్ని మించిన మూడ్ ఏ నవల్లో ఉంది? కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టి తెలుగు కథలన్నీ ఒక్కచోట చేర్చారు. మన పిల్లల్లో ఎంతమంది ఆ గడప తొక్కారు? సొంత ఊరి పుస్తకం చదవకుండా ఎక్కడో అట్లాంటిక్‌లో చేప పడుతున్నాం.

రాజాం_రమణి
గట్టుగారు కోప్పడినా న్యాయంగానే కోప్పడ్డారు. కథానిలయానికి నేనూ పెళ్ళయ్యాక, మా ఆయన తీసుకెళ్తేనే చూశాను.

తెరచాప
మాది ఎచ్చెర్ల మండలంలో సముద్రం పక్క ఊరు. ఇప్పుడు విశాఖలో ఉద్యోగం. ఈ నవల నాకు ఇంటర్లో ఒక సారు ఇచ్చాడు, సిలబస్‌లో లేకపోయినా. గట్టు అన్నా, నువ్వన్నది నిజమే, సొంత పుస్తకాలు చదవాల. కానీ నా సంగతి ఇను.

మేం బళ్ళో చదివిన తెలుగు పాఠాల్లో పొలం ఉంది, ఏరు ఉంది, అగ్రహారం ఉంది. ఏటకెళ్ళేవోడు లేడు. సముద్రం ఉన్నా పద్యంలో ఉండీది, ఉప్పు లేకుండా. మా నాన చెయ్యి లాంటి చెయ్యి నాకు పుస్తకంలో మొట్టమొదట కనపడింది ఈ క్యూబా ముసలోడికే.

ఆ చేతుల గురించి మొదటి పేజీలోనే రాస్తాడు. పెద్ద చేపల్ని లాగినప్పుడు తాడు కోసీసిన మచ్చలు, ఒక్కటీ కొత్తది కాదు, చేపల్లేని ఎడారిలో పడ్డ కోతలంత పాతవి అని. అది చదివి నేను పుస్తకం మూసీసి నాన కోసం వీధిలోకి ఎల్లాను. మా నాన కుడి అరచేతిలో చూపుడువేలు మొదలు నుంచి మణికట్టు దాకా ఒక తెల్లటి గీత ఉంది. కొమ్ముకోనెం పడిన రోజు నైలాన్ తాడు జారీసినప్పటిది. కొమ్ముకోనెం అంటే ఈ మార్లిన్ జాతే, ముందు ఈటె లాగ కొమ్ము ఉంటాది. దాన్ని పడవలోకి తీసీటప్పుడు మా వాళ్ళు ఒకరి పేరు ఒకరు పిలుచుకుంటారు, ఎవుడు ఎక్కడున్నాడో తెలియాల కదా. కొమ్ము తగిలితే మనిషి దక్కడు. నాన ఎడంచెయ్యి ఇప్పటికీ చలికాలం పొద్దున్నే ముడుచుకుపోతాది. ముసలోడి ఎడంచెయ్యి కూడా అలాగే బిగిసిపోతాది, దాన్ని ద్రోహి అని తిట్టుకుంటాడు, ఎండ తగిలితే తెరుచుకుంటాదని చూస్తాడు. నాన కూడా గట్టు మీద కూచుని చెయ్యి ఎండకి పెట్టీవోడు.

అన్నిటికంటే నేను నమ్మింది ఒకటుంది. చేప లాగుతుంటే ముసలోడు తాడుని పడవకి కట్టీయడు. వీపు మీంచి వేసుకుని తనే పట్టుకుంటాడు. ఎందుకంటే కట్టీస్తే చేప ఒక్క గుంజు గుంజితే తెగిపోతాది. మనిషి ఒళ్ళయితే సాగుతాది, వదుల్తాది, మళ్ళీ బిగుస్తాది. ఈ ముక్క తెలిసినోడు రాశాడు ఇది, కుర్చీలో కూచుని రాయలేదు అనుకున్నాను. గైడులో ఇది 'పట్టుదలకు ప్రతీక' అని ఒక్క లైను ఉంది. పట్టుదల కాదు బాబూ, తాడు తెగకుండా చూసుకోడం! ఆ పని తెలిసినాక పట్టుదల అంటే ఒప్పుకుంటాను.

సిక్కోలు_చిన్నది
తాడు కట్టకపోవడం ఎందుకో నాకిప్పుడు అర్థమైంది. చదివినప్పుడు ముసలాయన మొండితనం అనుకున్నాను.

నాగావళి_గట్టు
తెరచాప తమ్ముడూ, నీ మాటకి ఎదురు చెప్పలేను. నా జాబితా వెనక్కి తీసుకోను గానీ, రెండూ పక్కపక్కన చదివించాలి అంటాను.

ఉప్పుగాలి
నేను ఎంఏ చదువుతున్నాను. మాది పూసపాటిరేగ వైపు, చింతపల్లి దగ్గర. అమ్మ చేపల గంప మోస్తేనే ఫీజులు కట్టాం. అందుకని నా ప్రశ్న వేరు. ఈ నవల్లో ఆడవాళ్ళు ఏరి? ముసలాయన భార్య ఫొటో ఒకటి ఉంటుంది. చూస్తే ఒంటరితనం ఎక్కువవుతోందని గోడ మీంచి తీసి, ఉతికిన చొక్కా కింద దాచేస్తాడు. అంతే. మా ఊళ్ళో అయితే పడవ ఒడ్డు తాకగానే సగం కథ ఆడవాళ్ళది, వేలం పాడేది, ఐసు పెట్టేది, బస్సులో గంపతో నిలబడేది వాళ్ళే. 84 రోజులు చేప పడకపోతే ఆ ఇల్లు ఎలా నడిచిందో ముసలాయన కంటే పక్కింటి ఆడదానికి బాగా తెలుస్తుంది. క్లాసులో ఇది అడిగితే సిలబస్‌లో లేదన్నారు.

కానీ ఆడదాని జాడ ఇంకోచోట ఉంది, అది చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. ముసలాయన సముద్రాన్ని 'లా మార్' అంటాడు. స్పానిష్‌లో అది ఆడది. సముద్రాన్ని ప్రేమించేవాళ్ళు అలా పిలుస్తారట. మోటారు బోట్లు కొనుక్కున్న కుర్ర జాలర్లు 'ఎల్ మార్' అంటారు, మగాడిలాగ, పోటీదారులాగ, శత్రువులాగ. ముసలాయనకి మాత్రం ఆవిడ ఇచ్చేదీ, ఇవ్వకుండా దాచుకునేదీ. ఒకోసారి విరుచుకుపడితే, పాపం ఆవిడ చేతిలో లేక చేసింది అనుకుంటాడు.

మా తాతలు సముద్రం అనరు. గంగ అంటారు. గంగమ్మ తల్లి. 'గంగ బాగోలేదు ఇవాళ' అంటారు, ఇంట్లో అమ్మకి జొరం వచ్చినట్టు. మా అన్నయ్యలు మాత్రం సముద్రం అనే అంటున్నారు, ఫోన్లో వాతావరణం చూసుకుని. లా మార్ పేరా చదివిన రోజు మా క్లాసులో ఇరవై మందిలో నేనొక్కదాన్నే ఉలిక్కిపడ్డాను. నోట్సులో అది 'ప్రకృతి పట్ల ప్రేమ' అని రాయించారు.

తెరచాప
అప్పా, మా ఇంట్లో కూడా గంగే. ఈ పోలిక నాకు ఇన్నాళ్ళూ తట్టలేదు.

బొబ్బిలి_వీణ
ఉప్పుగాలీ, నువ్వు ఎంఏ ప్రాజెక్టు దీనిమీదే చెయ్యమ్మా. గంగ అన్న మాటా లా మార్ అన్న మాటా పక్కపక్కన పెట్టి. ఇది మాలాంటి వాళ్ళకి చేతకాలేదు, చెయ్యడానికి మా దగ్గర గంగ లేదు.

ఇజీనారం_కోట
అందరూ ఒకవైపు ఒరిగిపోతున్నారు కాబట్టి నేను ఈవైపు నిలబడతాను. రచయిత ప్రతీకలు లేవన్నాడు సరే. కానీ చివర్లో చూడండి. సొరలు మళ్ళీ వస్తున్నాయని చూసినప్పుడు ముసలాయన నోటి నుంచి ఒక చప్పుడు వస్తుంది. చేతుల్లోంచి మేకు కర్రలోకి దిగుతుంటే మనిషి చేసే చప్పుడులాంటిది అని రాస్తాడు. ఒడ్డుకి వచ్చాక తెరచాప కొయ్య భుజాన వేసుకుని గట్టు ఎక్కుతూ పడిపోతాడు, మళ్ళీ లేస్తాడు. గుడిసెలో బోర్లా పడుకుంటాడు, చేతులు బారజాపి, అరచేతులు పైకి. ఇది సిలువ కాక ఏమిటి? క్రైస్తవ సంప్రదాయం తెలిసిన పాఠకుడికి అది దాచినా దాగదు. కావాలని పెట్టాడు. ఉత్తరంలో ఏమన్నా సరే, పుస్తకంలో ఉన్నదాన్ని నేను చూస్తాను. పిల్లలకి 'చేప చేపే' అని మాత్రమే చెప్తే వాళ్ళకి అన్యాయం చేసినట్టే.

తెరచాప
కోట గారూ, కొయ్య భుజాన పెట్టుకుని ఇంటికి ఎల్లడం మా ఊళ్ళో రోజూ చూసీదే, తెడ్లు గట్టు మీద వదిలీస్తే పోతాయని. నాకు సిలువ గుర్తు రాలేదు. మా తాత గుర్తొచ్చాడు.

కానీ మేకు ముక్క దగ్గర మీరన్నది ఒప్పుకుంటాను. అది తాత కాదు.

ఇజీనారం_కోట
ఇద్దరూ ఉన్నారు తమ్ముడూ ఆ వాక్యాల్లో. నీకు తాత కనపడ్డాడు కాబట్టి నీకు ఆ బరువు తెలుసు. నాకు సిలువే కనపడింది, బరువు తెలీదు.

సోంపేట_సుబ్బులు
ఇక్కడ తాబేలు గురించి ఎవరూ ఎత్తలేదేంటి? మా బారువ ఒడ్డుకి ఏటా జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లకి వస్తాయి. చచ్చి కొట్టుకొచ్చినవీ ఉంటాయి. ముసలాయన తాబేళ్ళ మీద జాలిపడే చోటుంది. కోసేసిన గంటల తర్వాత కూడా తాబేలు గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, నా గుండె కూడా అలాంటిదే అనుకుంటాడు. నేను టెన్త్ పిల్లలకి ఈ ఒక్క పేరా తెలుగులో చెప్పాను. వెనక బెంచీ పిల్ల లేచి 'మాస్టారూ, శ్రీకూర్మంలో దేవుడు కూడా తాబేలే కదా' అంది. మరి అది ఏ ప్రతీక కిందకి వస్తుందో నాకు తెలీదు, క్లాసంతా నిశ్శబ్దం అయిపోయింది, నేను ఆ నిశ్శబ్దాన్ని అలాగే ఉండనిచ్చాను.

రాజాం_రమణి
ఒక చిన్న మాట, ముసలాయన పడవలో డాల్ఫిన్ తిన్నాడని మా అబ్బాయి గోల పెట్టాడు, డాల్ఫిన్ని తింటారా అని.

సోంపేట_సుబ్బులు
మనం టీవీలో చూసే డాల్ఫిన్ కాదమ్మా అది. డొరాడో అనే చేప, బంగారు రంగులో ఉంటుంది. ఇంగ్లీషులో దానికీ ఆ పేరుంది. మీ అబ్బాయిని నిశ్చింతగా ఉండమనండి.

బొబ్బిలి_వీణ
మాస్టారు అడిగిన మూడింట్లో ప్రతీకల మీదే అందరం పడ్డాం. మూడ్ సంగతి చెప్తాను.

ఈ నవల్లో అధ్యాయాలు లేవు. ఒకటే ధార. మేం సిలబస్ కోసం దాన్ని ఐదు యూనిట్లుగా ముక్కలు చేశాం, ముందు పాపం అక్కడే జరిగింది. పడవ కదిలాక ముసలాయనకి ఆగడానికి చోటు లేదు, పాఠకుడికీ ఉండకూడదు. కనీసం చేప గేలం ముట్టుకున్న దగ్గర్నుంచి మొదటి రాత్రి దాకా ఒక్క పట్టున చదివి వినిపించండి. అర్థాలు చెప్పొద్దు. వాక్యాలు చిన్నవి, పిల్లలకి అందుతాయి.

రెండోది. మొదట్లో ఒక సన్నివేశం ఉంది, దాన్ని గైడ్లు ముట్టుకోవు. ఇదివరకు ముసలాయనతో వేటకెళ్ళిన కుర్రాడు మనోలిన్ అడుగుతాడు, తినడానికేముంది అని. పసుపు అన్నం, చేప ఉన్నాయి, తింటావా అంటాడు ముసలాయన. వద్దులే ఇంటికెళ్ళి తింటాను అంటాడు కుర్రాడు. విసురువల తీసుకెళ్ళనా అంటాడు. తీసుకెళ్ళు అంటాడు. అన్నమూ లేదు, వలా లేదు, వల ఎప్పుడో అమ్మేశారు. ఇద్దరికీ తెలుసు. రోజూ ఈ మాటలు ఇలాగే అనుకుంటారు. నా సర్వీసులో ఒకసారి దీన్ని ఇద్దరు పిల్లల చేత తెలుగులో చదివించాను. ముసలాయన మాటలు చదివిన పిల్ల సగంలో ఆగిపోయింది. సాయంత్రం స్టాఫ్ రూముకి వచ్చి, మా ఇంట్లో కూడా అమ్మ 'నేను తినేశాను' అంటుంది మేడం అంది. అంతకంటే మూడ్ గురించి నేనేం చెప్పగలను?

సిక్కోలు_చిన్నది
మేడం, మీ క్లాసులో కూచోవాలనిపిస్తోంది.

నాగావళి_గట్టు
దీని మీద బొమ్మల సినిమా ఒకటి ఉందని విన్నాను, క్లాసులో చూపించొచ్చా?

బొబ్బిలి_వీణ
ఉంది. రష్యా దేశస్థుడు పెట్రోవ్ 1999లో తీశాడు, గాజు పలక మీద నూనె రంగులు వేళ్ళతో పూసి, ఒక్కో బొమ్మా అలా. ఆస్కార్ వచ్చింది. ఇరవై నిమిషాలే. కానీ ముందు చదివించి తర్వాత చూపించండి. ముందే చూస్తే ఆ ముసలాయన ముఖమే ఖాయమైపోతుంది, మీ పిల్లలకి వాళ్ళ తాత ముఖం రావాలి కదా.

గార_మాస్టారు
రెండు వారాలు కనపడనందుకు మన్నించండి. ఇక్కడ చెప్పినవి ఒక్కొక్కటీ చేసి చూశాను. ముందు ఆ కుర్రాడికి హెమింగ్వే ఉత్తరం సంగతి చెప్పాను. వాడు నవ్వలేదు, గర్వపడలేదు. 'మరి నాకు 2 మార్కులెందుకు సార్' అన్నాడు. రెండో వాక్యం కూడా చెప్పాను. ఆలోచిస్తూ వెళ్ళిపోయాడు.

మర్నాడు వచ్చి, మా తాతకి ఈ కథ చెప్పండి సార్, నేను చెప్తే సగంలో లేచిపోతున్నాడు అన్నాడు. ఆదివారం వెళ్ళాను. ఆయన పడవ నీడలో కూచుని వల బాగుచేసుకుంటున్నాడు, బొటనవేలికి వల తగిలించి లాగి పట్టుకుని, కళ్ళతో పని లేకుండా వేళ్ళే చూసుకుంటున్నాయి. నేను తెలుగులో కథ మొదలుపెట్టాను. 84 రోజులు అనగానే వేళ్ళు ఆగాయి. 'అన్నాళ్ళా' అన్నాడు. చేప పడింది అన్నాను. తాడు ఎంత లోతు వేశాడని అడిగాడు. వంద బారలు అన్నాను, నవల్లో నిజంగా వంద బారల దగ్గరే పడుతుంది. తలూపాడు. తాడు కట్టలేదు కదా అని ఆయనే అన్నాడు, నేనింకా ఆ ముక్క చెప్పకముందే! తెరచాప తమ్ముడూ, నువ్వే గుర్తొచ్చావు.

సొరలు వచ్చాయి అన్నప్పుడు ఆయనకి ఆశ్చర్యం లేదు, కోపం లేదు. 'నెత్తురు పడినాక సొర రాకుండా ఉంటాదేటి' అన్నాడు. ఎముకలతో ఒడ్డుకి చేరాడు అని ముగించాను. చాలాసేపు వల కుట్టుకున్నాడు. నేను పట్టుదల గురించి, ఓటమి గురించి ఏదో ఒకటి అంటాడని ఎదురుచూస్తున్నాను.

'ఒక్కడూ ఎందుకెల్లాడు బాబూ' అన్నాడు.

ఆయనతో వెళ్ళే కుర్రాణ్ణి వాళ్ళ అమ్మానాన్నా వేరే పడవకి పంపేశారు, ఈయనకి శని పట్టిందని, అన్నాను. 'అదే మరి. అంత చేపకి ఇద్దరుండాల. ఆ గుంటడు మళ్ళీ వస్తాడా ఈయనతో?' వస్తానన్నాడు తాతా, ఇకమీదట కలిసే వెళ్దాం అన్నాడు అని చెప్పాను. 'అయితే పర్లేదు' అని మళ్ళీ వల అందుకున్నాడు.

పదిహేనేళ్ళుగా ఈ నవల చెప్తున్నాను. సముద్రం మధ్యలో ముసలాయన ఎన్నిసార్లు 'కుర్రాడు ఉంటే బాగుండు' అనుకుంటాడో నాకు తెలుసు, కింద గీతలు కూడా గీసి ఉన్నాయి నా ప్రతిలో. కానీ కథ అక్కడుందని నాకు తట్టలేదు. ఆ ఇంట్లో కొడుకు వేరావల్లో ఉన్నాడు, గుజరాత్ బోటు మీద. ఏడాదిలో తొమ్మిది నెలలు అక్కడే. మన శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది, మగవాళ్ళు మాత్రం అరేబియా సముద్రంలో వేటాడుతున్నారు. తాత, మనవడు ఇక్కడ.

ఉప్పుగాలి
మాస్టారూ, నేను రెండుసార్లు చదివాను మీరు రాసింది. 'ఒక్కడూ ఎందుకెల్లాడు'. మా ప్రొఫెసర్‌గారికి చూపిస్తాను.

తెరచాప
మా నాన కూడా హుద్‌హుద్ తుపానుకి పడవ పోనాక వేరావల్ ఎల్లాడు, 2014లో. నాలుగేళ్ళు. నేను ఆ నాలుగేళ్ళూ హాస్టల్లో. ఇంక రాయలేను.

ఇజీనారం_కోట
తాతగారికి నా నమస్కారం చెప్పండి. మరి కుర్రాడు రెండో సగం రాశాడా? నేను దానికోసమే చూస్తున్నాను.

గార_మాస్టారు
రాశాడు కోట గారూ. నేను అడక్కుండానే నిన్న తెల్లకాగితం మీద రాసి తెచ్చాడు. మళ్ళీ తెలుగులో పెడుతున్నాను, మాటలు వాడివే:

'సొరలు సొరలే. రక్తం వాసనకి వచ్చాయి. ఆ రక్తం ముసలాయన ఈటె పొడిచినప్పుడు వచ్చింది. కాబట్టి గెలిచిన చోటే నష్టం మొదలైంది. ముసలాయనకి అది తెలుసు, అందుకే సొరలని తిట్టినా చివరికి నేను మరీ దూరం వచ్చేశాను అనుకుంటాడు. దగ్గర్లో చేప ఉంటే ఎవరూ దూరం వెళ్ళరు. మా నాన్న కూడా దూరం వెళ్ళాడు. ముసలాయన దగ్గర మనిషి ఉంటే ఒకడు పడవ నడిపేవాడు, ఒకడు సొరలని కొట్టేవాడు. సొర దేనికైనా ప్రతీక అయితే అది ఒక్కడే వెళ్ళినవాడికి వచ్చే నష్టానికి.'

ఇజీనారం_కోట
ఇది జవాబు. నా ముందుకి ఈ పేపరు వస్తే 10కి 9. ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే కలలో సింహాల గురించి రాయలేదు. మిగతా కాగితం ఖాళీగా వదిలెయ్యొద్దని చెప్పండి, సెమిస్టర్ పరీక్షలో నిడివి కూడా చూస్తారు.

బొబ్బిలి_వీణ
నవల చివర హోటల్ దగ్గర టూరిస్టులు వస్తారు గుర్తుందా? ఒకావిడ నీళ్ళలో తేలుతున్న ఆ ముల్లుని చూసి అదేమిటి అని అడుగుతుంది. వెయిటరు సొరలు ఏం చేశాయో చెప్పబోతాడు. ఆవిడ అదే సొర అనుకుని, సొరలకి తోకలు ఇంత అందంగా ఉంటాయని తెలీదే అంటుంది. మాస్టారూ, ఈ ఘట్టం మీ క్లాసులో ఆ కుర్రాడి చేతే చదివించండి. వాడి గొంతులో వినాలి అది.

గార_మాస్టారు
సోమవారం చదివిస్తాను మేడం. సహోద్యోగికి కాగితం చూపించాను, నిలబడే చదివి, ఇంటర్నల్ మార్కులు ఇంకా పైకి పంపలేదు, పేపరు ఇటివ్వండి అన్నారు.

సోంపేట_సుబ్బులు
సింహాల గురించి తాతని అడిగారా?

గార_మాస్టారు
అడిగాను. 'సిన్నప్పుడు సూసినవి కలలోకి రావేటి' అన్నాడు. ఆయనకేం వస్తాయని అడిగితే, తెరచాపలు అన్నాడు. ఇంజిన్లు రాకముందు సాయంత్రం కళింగపట్నం రేవులోకి వరసగా వచ్చేవట.